నేను మనసు పారేసుకున్న ఊరు – ఆళ్లగడ్డ

మన సంఘం ప్రత్యేక సంచికకు "మీ ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయండి" అని కార్యదర్శి గారు కబురు చేసిన దగ్గర్నుంచి రెండు రోజులు ఆలోచించాను. హంపీ గురించి, శ్రీశైలం గురించి, కర్నూలు కొండారెడ్డి బురుజు గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లోనే పదిమంది ఉన్నారు. ఆళ్లగడ్డ గురించి రాసేవారు మాత్రం నాకు తెలిసి తక్కువ. చెప్పుకోదగ్గ కోట లేదు, అది ఏ రాజుకూ రాజధాని కాదు. అయినా ముప్పై ఏళ్ల సర్వీసులో నేను క్యాంపులు చేసిన ఊళ్లన్నిటిలో మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించిన ఊరు అదొక్కటే. అందుచేత ఈ వ్యాసంలో చరిత్ర ఎంత ఉందో, మమకారం కూడా అంతే ఉంటుందని ముందుగా మనవి చేస్తున్నాను.

నేను లోకల్ ఫండ్ ఆడిట్ శాఖలో పనిచేశాను. స్వస్థలం కృష్ణా డెల్టా. 1974లో నంద్యాలకు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు మా ఇంట్లో దాదాపు ఏడుపులే. మా వైపు వాళ్ల దృష్టిలో ఆ రోజుల్లో కర్నూలు జిల్లా అంటే ఎడారి, నీళ్లు లేని చోటు, కత్తులు దూసుకునే చోటు. "ఏం తప్పు చేశావురా, అంత దూరం పంపారు?" అని మా మేనమామ అడిగాడు. మేం చేసిన తప్పేమీ లేదు, ఖాళీ అక్కడ ఉంది, అంతే.

గుంటూరులో మీటరుగేజి బండి ఎక్కితే మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర నల్లమలలో ప్రవేశిస్తుంది. బొగద సొరంగం, ఆ తర్వాత దొరబావి వంతెన. 1880 దశకంలో ఇనుప స్తంభాల మీద కట్టిన వంతెన అది. బండి దాని మీద నడక వేగంతో వెళ్లేది. కిటికీలోంచి కిందికి చూస్తే లోయ తప్ప మరేమీ కనిపించేది కాదు, ముసలివాళ్లు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేవారు. బ్రాడ్‌గేజి వేసినప్పుడు దారి మార్చారు, ఇప్పటి రైళ్లు ఆ వంతెన ఎక్కవు. చెలమ, గాజులపల్లె దాటగానే అడవి తెర తీసినట్లు తొలగిపోయి, కనుచూపు మేర నల్లరేగడి. ఆ నల్లటి నేల మీద ఎండ పడితే గాలి వణుకుతున్నట్లు కనిపిస్తుంది. నంద్యాల ఎండ సంగతి పాఠకులకు చెప్పనక్కర్లేదు, ఏటా మే నెలలో పత్రికల్లో వచ్చే పట్టికలో మన ఊరి పేరు పైనే ఉంటుంది.

నంద్యాల చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళతాను. చుట్టూ తొమ్మిది నందులు ఉన్నాయి, అందులో మహానంది ప్రసిద్ధం. ఇంత ఎండలోనూ అక్కడి కోనేటి నీరు అద్దంలా ఉంటుంది, అడుగున పడిన నాణెం బొమ్మో బొరుసో చెప్పవచ్చు. 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇక్కడ ఉంది. రైతులు చాలాకాలం వేసుకున్న 'నరసింహ' పత్తి అక్కడిదే. ఈ నియోజకవర్గం 1977లో నీలం సంజీవరెడ్డి గారిని లోక్‌సభకు పంపింది, అదే సంవత్సరం ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1991 ఉప ఎన్నికలో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారిని అయిదు లక్షల ఎనభై వేల ఓట్ల ఆధిక్యంతో గెలిపించింది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది వేరొకటి. 'రాయలసీమ' అనే పేరు నంద్యాలలోనే పుట్టింది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారపోశాడు గనుక ఇంగ్లీషు దొరల కాగితాల్లోనూ, ఆ తర్వాత మన కాగితాల్లోనూ దీనిపేరు దత్త మండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన భూమి అని దాని అర్థం. 1928 నవంబరులో నంద్యాలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. అందులో భాగంగా కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన దత్త మండలాల సభ జరిగినప్పుడు చిలుకూరి నారాయణరావు గారు ఈ పేరు ప్రతిపాదించారు. చాలాకాలం ఈ ఘనతను గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి చెప్పేవారు. నేను నంద్యాల చేరిన కొత్తలో ఈ సంగతి నాకు తెలియదు. తెలిశాక, ఎవరైనా "మీ సీడెడ్" అంటే నాకే కోపం రావడం మొదలైంది. మా ఇంటావిడ నవ్వేది – "మీరు తెనాలి వైపు వారు కదా, మీకెందుకు కోపం?" అని.

ఇక ఆళ్లగడ్డ. నంద్యాలకు దక్షిణంగా కడప రోడ్డు మీద నలభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో సిరివెళ్ల వస్తుంది. ఎడమ చేతి వైపు నల్లమల మీతోపాటు నడుస్తూ వస్తుంది, కుడి వైపు కుందూ నది మైదానం. పంచాయతీ లెక్కల తనిఖీ కోసం మొదటిసారి వెళ్లినప్పుడు నేను బస్సు దిగీ దిగగానే విన్నది ఉలి చప్పుడు. ఒక చోటు నుంచి కాదు, నాలుగు వైపుల నుంచీ. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా, ఒకటి ఆగి ఆగి. రోడ్డు పక్కన వేపచెట్ల కింద తాటాకు పందిళ్లు, వాటి ముందు దేవుళ్లు. తల ఒక్కటే పూర్తయిన ఆంజనేయుడు, ఇంకా తొండం విడివడని గణపతి, వెల్లకిలా పడుకున్న వేంకటేశ్వరుడు, పక్కనే కళ్లజోడు పెట్టుకున్న గాంధీ గారు, వేలెత్తి చూపుతున్న అంబేడ్కర్ గారు. ఎన్నికల ముందు వెళితే ఇంకా చిత్రం. ఎదురెదురు పార్టీల నాయకుల విగ్రహాలు ఒకే పందిట్లో భుజం భుజం ఆనించి ఆరబెట్టిన వడియాల్లా పడి ఉండేవి. ముఠా కక్షలకు పేరు మోసిన ప్రాంతంలో ఇది చూసి నాలో నేను నవ్వుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

ఒక పందిరి ముందు నిలువెత్తు ఆంజనేయుడికి తొడ దగ్గర సన్నని పగులు వచ్చింది. గుడికి పనికిరాదు గనుక ఆర్డరు ఇచ్చినవారు వేరే విగ్రహం చేయించుకుపోయారు. ఆయన మాత్రం రోడ్డు పక్కనే ఉండిపోయాడు. బస్సులో కూర్చున్నవాళ్లు మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా దణ్ణాలు పెట్టేవారు, లారీ డ్రైవర్లు నిమ్మకాయలు పెట్టేవారు. "శాస్త్రం ఒప్పుకోదు గదా ఆచారి గారూ, మరి వీళ్లెందుకు మొక్కుతున్నారు?" అని ఆ పందిరి పెద్దాయనను అడిగాను. "పగులు వాళ్లకు కనపడదు సామీ, నాకు ఒక్కనికే కనపడతది. నేను మొక్కను, వాళ్లను మొక్కొద్దనను" అన్నాడాయన. అప్పటికి ఆయనకు అరవై దాటి ఉంటాయి. రెప్పల మీద కూడా తెల్లటి రాతి దుమ్ము. ఆ పరిచయం ఆయన పోయేదాకా సాగింది.

ఆ ఊరికి శిల్పం ఎలా వచ్చింది అనే ప్రశ్న నన్ను చాలాకాలం తొలిచింది. హంపీలో శిల్పులున్నారంటే రాయలున్నాడు గనుక అని చెప్పవచ్చు. ఇక్కడ అలాంటి ఆధారం లేదు. నాకు తోచిన సమాధానం ఇది. ఆళ్లగడ్డ ఒక కూడలి. తూర్పున పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం, ఉత్తరాన మహానంది, ఆపైన శ్రీశైలం, పశ్చిమాన బనగానపల్లె, యాగంటి. ఇన్ని క్షేత్రాల మధ్య ఏ గుడికి ధ్వజస్తంభం వేయాలన్నా, విరిగిన విగ్రహం మార్చాలన్నా పని ఉంటూనే ఉంటుంది. పైగా కడప, కర్నూలు పెద్దరోడ్డు మీద ఊరు గనుక బండరాయి దింపుకోవడానికీ, విగ్రహం ఎక్కించి పంపడానికీ అనువు. ఆళ్లగడ్డ శిల్పం అనగానే దురుగడ్డ ఇంటిపేరు వినిపిస్తుంది. ఆ విశ్వబ్రాహ్మణ కుటుంబం వారూ, వారి దగ్గర పని నేర్చుకున్నవారూ కలిసి ఊరికి ఈ పేరు తెచ్చారు. తిరుపతిలో దేవస్థానం వారి శిల్పకళాశాల 1960లో వచ్చాక అక్కడ చదువుకుని వచ్చినవారూ ఉన్నారు. ఇప్పుడు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువుల జాబితాలో ఆళ్లగడ్డ రాతి శిల్పం పేరు కూడా ఉంది.

పని పద్ధతి చూస్తే మన ఆడిట్ వాళ్లకు ముచ్చటేస్తుంది, అంతా లెక్కే. ముందు రాయిని సుత్తితో తట్టి చూస్తారు. గంటలా మోగితే లోపల పగులు లేదని గుర్తు, బొద్దుగా పలికితే పక్కన పెడతారు. తర్వాత జాజుతో గీతలు. ముఖం పొడవును తాళం అంటారు, తాళానికి 12 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు అంగుళం కాదు, ఆ విగ్రహం కొలతలో ఒక భాగం. మొత్తం ఎత్తు తొమ్మిది ముఖాలయితే నవతాళం, అంటే 108 అంగుళాలు. వినాయకుడికి అయిదు తాళాలే, అందుకే ఆయన అంత బొద్దుగా ఉంటాడు. గీతలయ్యాక మోటు ఉలితో పెద్ద పెచ్చులు లేపుతారు, తర్వాత సన్న ఉలి, ఆఖరున నీళ్లు పోస్తూ సానరాయితో నునుపు. సాయంత్రం కాగానే పందిరి వెనక కొలిమి వెలిగించి మొద్దుబారిన ఉలులన్నిటినీ కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెడతారు. ఎంత కాల్చాలో, ఏ రంగు వచ్చినప్పుడు ముంచాలో పెద్దాయన పక్కన కూర్చుని చూసేవాడు. కళ్లు తెరిచే పని మాత్రం అన్నిటికంటే చివర, ప్రతిష్ఠ వేళకు.

ఒకసారి మా ఇంటావిడ నాతో క్యాంపుకు వచ్చింది. ఆమెకు మంచి రుబ్బురోలు కావాలి. రాతి ఊరు గదా, ఇక్కడే చవక అని ఆమె లెక్క. పెద్దాయన నవ్వి, "అమ్మా, మేం రోళ్లు కొట్టం, దానికి వేరే వాండ్లు ఉండారు. వాండ్లు కొట్టిన రోలు ముందర నా పని దేనికి పనికొస్తది, అన్నం పెట్టేది అదే గదా" అని ఊరి చివర రాళ్లు కొట్టేవారి దగ్గరికి మనిషిని తోడిచ్చి పంపాడు. ఆ రోలు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, గ్రైండరు వచ్చాక కూడా ఆమె ఉగాది పచ్చడి అందులోనే నూరేది. ఆ రోజు ఒక హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. బొరుగులంటే మా వైపు మరమరాలే గాని, వాటిని తడిపి తాలింపు పెట్టి ఉప్మాలా చేస్తారని మాకు అక్కడే తెలిసింది. మా ఇంటావిడ ఆ హోటలు ఆమెను వంటింట్లోకి వెళ్లి మరీ అడిగి నేర్చుకుంది. 'ఈ సీమలో ఉండలేను' అన్న మనిషి ఆ తర్వాత ఆ మాట మళ్లీ అనలేదు.

ఆళ్లగడ్డ ప్రాంత చరిత్రలో పెన్షనరులమైన మనం తప్పక తెలుసుకోవలసిన ఘట్టం ఒకటుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఇప్పుడు సినిమా వల్ల అందరికీ తెలుసు. 2019లో వచ్చిన ఆ సినిమాలో యుద్ధాలు, గుర్రాలు బాగా చూపించారు. అసలు వివాదం మొదలైంది మాత్రం పెన్షన్ దగ్గర. 1800 తర్వాత థామస్ మన్రో ఈ జిల్లాల్లో పాలెగాళ్ల అధికారాలు తీసివేసి, వారికి నెలనెలా కొంత మొత్తం ఏర్పాటు చేశాడు. దాన్ని ఇక్కడ తవర్జీ అనేవారు. నరసింహారెడ్డి కుటుంబానికి వచ్చే భాగం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన తాత, నొస్సం పాలెగాడైన జయరామిరెడ్డి వారసత్వం మీద రావలసిన తవర్జీని కంపెనీ వారు ఇవ్వలేదు. తన భాగం తీసుకురమ్మని కోయిలకుంట్ల ఖజానాకు పంపిన మనిషిని అక్కడి తహసీల్దారు అవమానించి తిప్పి పంపాడని చెబుతారు. అదే సమయంలో గ్రామాల్లో కట్టుబడి నౌకర్ల ఇనాం భూములను కూడా కంపెనీ లాగేసుకుంది. అంటే కింది నౌకరుకు జీతం భూమి పోయింది, పైవాడికి పెన్షన్ ఆగింది. ఇద్దరూ కలిశారు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. అక్టోబరులో ఆయనను పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. అక్కడితో ఊరుకోలేదు. తలను కోట బురుజుకు కట్టి, 1877 వరకు, ముప్పై ఏళ్లు అలాగే ఉంచారు.

ముప్పై ఏళ్లంటే మన సర్వీసంత కాలం. ఆ ఊరి ట్రెజరీలో గుమాస్తాగా చేరినవాడు రిటైరయ్యే వరకూ రోజూ ఆ బురుజు కింది నుంచి కచేరీకి వెళ్లి ఉంటాడు. నేను కోయిలకుంట్ల క్యాంపుకు వెళ్లిన ప్రతిసారీ ఆ గుమాస్తా గురించే ఆలోచించేవాణ్ణి. ఈ రోజు మనం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వరుసలో నిలబడి విసుక్కుంటాం. పెన్షన్ దయాదానం కాదు, హక్కు అని 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది. 11 రూపాయల 10 అణాల 8 పైసల కోసం తల పోయిన మనిషి ఊరు మనకు ఇంత దగ్గరలో ఉందని మన పిల్లలకు చెప్పాలి.

ఉయ్యాలవాడ పేరు మరో రకంగానూ గొప్పది. 1866 కరువులో ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డి గారు వేలాది మందికి అన్నం పెట్టారు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఇరవై ఏళ్ల తేడాలో ఒకే ఊరి మనుషుల్లో ఒకరి తలను బురుజుకు వేలాడదీసి, మరొకరి మెడలో పతకం వేసింది ఒకే ప్రభుత్వం.

కరువు మాట వచ్చింది గనుక కాలువ సంగతి చెప్పాలి. కె.సి. కెనాల్ అని మనం పిలిచే కర్నూలు-కడప కాలువ ఈ ప్రాంతం మీదుగానే వెళుతుంది. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలై 190 మైళ్లు. దీన్ని తవ్వింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే లండను వాటాదారుల కంపెనీ. పది లక్షల పౌండ్ల మూలధనం మీద అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1863లో పని మొదలై 1870 దశకం ప్రారంభానికి పూర్తయింది. పడవలు నడపాలని కూడా ఆశ. లాభం వస్తుందనుకున్నారు, రాలేదు. కారణం మన రైతుకు తెలుసు. నల్లరేగడిలో జొన్న, కొర్ర, పత్తి వానకే పండుతాయి. ఆ నేలను చదును చేసి, గట్లు వేసి, వరి పెట్టి, పైగా నీటితీరువా కట్టడం ఎవరికి గిట్టుతుంది? వానలు బాగున్న ఏడు రైతు కాలువ వైపు తిరిగి చూడలేదు. 1876లో ధాత కరువు వచ్చింది. నీళ్లు అందిన చోట పంట నిలిచింది, అందని చోట మనిషి నిలవలేదు. 1871 నుంచి 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనంలో నాలుగో వంతు తగ్గిపోయారు. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది. ఇంజనీరింగు వారు దీన్ని నష్టాల కాలువ అని రాస్తారు. ఒక ఆడిటరుగా నాకూ ఆ పద్దు నచ్చదు, కాని కరువులో బతికినవారిని ఏ పద్దులో వేయాలో ఆ పుస్తకాల్లో గడి లేదు. తర్వాత తెలుగుగంగ కాలువ కూడా ఇటే వచ్చింది. ఈ రోజు నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య పచ్చటి వరి చూసినవాళ్లకు నేను 'ఎడారి' అంటే నమ్మబుద్ధి కాదు.

మన కంటే ముందు ఈ దారిన నడిచి, రాసిపెట్టిన ఉద్యోగి ఒకాయన ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. సెలవు పెట్టి 1830 మేలో కాశీకి బయలుదేరి పదిహేను నెలలు ప్రయాణం చేశారు. కడప దాటి అహోబిలం, మహానంది చూసుకుని శ్రీశైలం వెళ్లారు. దిగిన ప్రతి ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, నీళ్లెలా ఉన్నాయి, బస ఎలా ఉందో రాసుకున్నారు, అచ్చం మన టూర్ డైరీలాగే. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. టి.ఏ. బిల్లు కోసం మాత్రమే డైరీ రాసిన మాలాంటి వారికి ఆయనను చూస్తే అసూయ కలుగుతుంది.

అహోబిలం గురించి ఎక్కువ రాయను, అందరూ వెళ్లినదే. తొమ్మిది నరసింహులు, ఎగువ దిగువ క్షేత్రాలు, 1515లో కృష్ణదేవరాయలు వచ్చి నగలు సమర్పించిన శాసనం, అన్నమయ్య శిష్యరికం చేసిన మఠం. నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది పార్వేట. కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా స్వామి పల్లకిలో ముప్పైకి పైగా పల్లెలు తిరిగి తన పెళ్లికి తానే పిలుచుకుంటాడు. చెంచులక్ష్మి తమ ఆడబిడ్డ గనుక చెంచులకు స్వామి అల్లుడు. వాళ్లు పల్లకి వైపు బాణాలు వేసి సంబరం మొదలుపెడతారు. దేవుడి దగ్గరికి జనం వెళ్లడం అంతటా ఉంది, దేవుడే ఇంటింటికీ శుభలేఖ పట్టుకుని తిరగడం నేను ఇక్కడే చూశాను. పల్లకి వచ్చే రోజున ఊళ్లో ఆడపిల్లలందరూ పుట్టింటికి వస్తారు. ఆ ప్రాంతంలో తనిఖీ పెట్టుకుంటే పంచాయతీ గుమాస్తాలు ముందే చెప్పేవారు – "సార్, ఆ తేదీన స్వామి వస్తాడు, మీరు మర్నాడు రాండి." స్వామి టూర్ ప్రోగ్రాం ముందు నా టూర్ ప్రోగ్రాం ఎప్పుడూ మారవలసిందే.

నేను 2003లో రిటైరయ్యాను. మా వాళ్లందరూ డెల్టాకు తిరిగి వచ్చేయమన్నారు. పొలం అక్కడ, అన్నదమ్ములు అక్కడ. "కాలో చెయ్యో పడిపోతే చూసేవాళ్లెవరు?" అన్నది వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. మా ఇంటావిడే నంద్యాలలో ఉండిపోదాం అంది. 2016లో ఆమె కాలం చేసింది. పదకొండో రోజుకి ఆళ్లగడ్డ నుంచి పెద్దాయన మనవడు వచ్చాడు. పెద్దాయన అప్పటికే లేడు, చివరి నాలుగేళ్లు ఊపిరి ఆడక బాధపడ్డాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మందు లేదు. ఆ రోజుల్లో మూతికి తువ్వాలు తప్ప వేరే రక్షణ ఉండేది కాదు. ఇప్పుడు ఉలి కంటే కరెంటు కట్టర్లు ఎక్కువ. పని ఆరింతలు వేగం, దుమ్ము కూడా అంతే. మనవడు ఇంజనీరింగు చదివాడు, ఆళ్లగడ్డలోనే పందిరి బదులు షెడ్డు వేశాడు, అమెరికా గుళ్ల నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. కళ్లు, ముక్కు, వేళ్లు మాత్రం చేత్తోనే చెక్కుతాడు. పిల్లలకు ఈ పని నేర్పుతావా అని అడిగితే, "మాస్కు పెట్టుకోనంటే నేర్పను సార్" అన్నాడు.

మా అబ్బాయి ఏటా హైదరాబాదు రమ్మంటాడు. వెళ్లి నెల ఉండి వస్తాను. 2016 ఆగస్టులో నంద్యాల-ఎర్రగుంట్ల రైలు వచ్చింది, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కలెక్టరాఫీసు పనికి కర్నూలు వెళ్లనక్కర్లేదు. ఇక్కడ ఉండడానికి నాకు కారణాలు పెరుగుతున్నాయే గాని తగ్గడం లేదని వాడికి చెబుతుంటాను.

సంఘం తరఫున విహారయాత్ర వేస్తే సంక్రాంతి తర్వాత వేయవలసిందిగా నా సూచన. ఎండ ఉండదు, పార్వేట పల్లకి ఏదో ఒక పల్లెలో తప్పక ఎదురవుతుంది. ఉదయం ఏడింటికి నంద్యాలలో బయలుదేరితే ఎనిమిదిన్నరకల్లా ఆళ్లగడ్డ. శిల్పుల షెడ్లు రోడ్డు మీదే ఉన్నాయి, చూస్తామంటే కాదనరు. కట్టర్లు నడిచేటప్పుడు మాత్రం దూరంగా నిలబడాలి, ఉబ్బసం ఉన్న సభ్యులు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత కట్టర్లు ఆపి భోజనాలకు కూర్చుంటారు. ఆ అరగంటలో చేతి ఉలి పట్టుకున్న ఒకరిద్దరు ముసలివాళ్లు పని మానకుండా ఉంటే, ఆ చప్పుడు వినవచ్చు.